ఎడమ చేతికి వేరే మనిషి

గోరింటాకావిడను అక్కా అని పిలవకూడదు. పిలిస్తే ఊరుకోదు. లోకంలో ఆడవాళ్లంతా ఆంటీ అన్న మాట చెవిన పడితే మూతి ముడుచుకుంటారు, అక్కా అంటే మొహం చాటంత చేసుకుంటారు. ఈవిడది మాత్రం ఎదురు వరస. కొత్తగా వచ్చిన కాలేజీ పిల్ల ఎవరైనా చనువుగా "అక్కా, మణికట్టు దాకా పెట్టండి" అందంటే చాలు, చేతిలో కోను ఆగిపోతుంది. "ఆంటీ అనమ్మా. కాదంటే ఏమండీ అను. అక్కా మాత్రం వద్దు" అంటుంది. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అడగాల్సినవాళ్ల చెయ్యి ఆవిడ చేతిలో ఉంటుంది కదా.

ఆ కొట్టు కూడా కొట్టు అనిపించుకోవడానికి ఇబ్బంది పడేంత చిన్నది. దర్జీ దుకాణానికీ పైకెళ్లే మెట్లకీ మధ్య మిగిలిపోయిన ఇరుకు గది. ఒక బల్ల, వచ్చినవాళ్లకు ఒక చేతుల కుర్చీ, రెండు స్టూళ్లు. స్టూళ్లలో ఒకటి ఆవిడది. రెండోది ఎప్పుడూ బల్ల కిందే ఉంటుంది. తోడుగా వచ్చినవాళ్లు దాన్ని లాక్కుని కూర్చోబోతే "దాని కాలు బాగాలేదు, పడతారు" అని చెప్పి గుమ్మం దగ్గరే నిలబెడుతుంది. ఆ స్టూలు కాళ్లు నాలుగూ నిక్షేపంగా ఉన్నాయని పక్క దుకాణం దర్జీకి తెలుసు. ఆయన గోడ అవతల నుంచి ఒకసారి దగ్గుతాడు, అంతే.

ఇక ఫ్యాను సంగతి. నెత్తి మీద ఫ్యాను ఉంది, తిరుగుతుంది కూడా. కానీ ఆవిడ వెయ్యదు. ఎండాకాలం ఆ గదిలో కూర్చుంటే చెమటకు బట్టలు ఒంటికి అతుక్కుపోతాయి. "కాస్త ఫ్యాను వెయ్యండి ఆంటీ" అని ఎవరైనా బతిమాలితే, "గాలికి ముద్ద ముందే ఎండిపోయి పెచ్చులు రాలుతుంది. నీకు గాలి కావాలా, రంగు కావాలా?" అని ఎదురు ప్రశ్న వేస్తుంది. మాట నిజమే. ముద్ద చేతి మీద తడిగా ఉన్నంతసేపే రంగు లోపలికి దిగుతుంది. కానీ ఉక్కపోత అసలు పడనిది ఆవిడకే. ఒకప్పుడు ఈ ఫ్యాను కోసమే ఆ గదిలో రోజూ గొడవయ్యేది. వెయ్యమని పోరేది ఈవిడ, ఆపమని పోరేది ఈవిడ చెల్లెలు.

ఆ చెల్లెలు ఇప్పుడు లేదు. లేదంటే, ఎక్కడో ఉంది. ఎక్కడుందో ఈవిడకు తెలియదు. కథంతా అక్కడే ఉంది.

చెల్లెలిది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు అమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి పని నేర్పేది. పొడిని పల్చటి గుడ్డలో వేసి వస్త్రగాళితం పట్టడం, నిమ్మరసం, కాస్త పంచదార కలిపి రాత్రంతా మూతపెట్టి నానబెట్టడం, పొద్దున్నే ముద్ద పైన గోధుమరంగు తెట్టు కట్టి, లోపల పచ్చగా ఉందా లేదా అని వేలితో చీల్చి చూడడం. తెట్టు కడితే రంగు విడిచినట్టు. అప్పుడు రెండు చుక్కలు నీలగిరి తైలం వేసి, ప్లాస్టిక్ కాగితాన్ని గుండుసూది మొనంత రంధ్రం మిగిలేలా చుట్టి అందులో నింపాలి. ఇదంతా చెల్లెలు చకచకా చేసేది. తీరా కోను పట్టుకునేసరికి అది ఎడమ చేతిలోకి వెళ్లేది. అమ్మ చురుక్కున వేళ్ల మీద కొట్టి కుడి చేతిలోకి మార్చేది. మారిస్తే గీత పాములా మెలికలు తిరిగేది, పిల్ల కళ్లనీళ్లు పెట్టుకునేది.

చూడలేక అక్కే అడ్డం పడింది. "దాన్ని వదిలెయ్యమ్మా. అది అటు కూర్చుంటుంది, నేను ఇటు కూర్చుంటా. ఎవరి చెయ్యి వాళ్లది" అంది. ఆ మాట అన్నప్పుడు అక్కకు పరికిణీ కూడా సరిగ్గా నిలిచేది కాదు. కానీ వాళ్ల బతుకుతెరువు మొత్తం ఆ మాటలోంచే పుట్టింది.

పెద్దయ్యాక ఈ గది అద్దెకు తీసుకుని ఇద్దరూ పెట్టడం మొదలుపెట్టారు. కుర్చీలో కూర్చున్న మనిషి రెండు చేతులూ చాపేది. ఎడమ చేతి దగ్గర అక్క, కుడి చేతి దగ్గర చెల్లెలు. ఇద్దరూ ఒకేసారి మణికట్టు దగ్గర మొదలుపెట్టేవాళ్లు. ఒకరి వైపు ఒకరు తలెత్తి చూసుకునేవాళ్లు కాదు. పైగా నోరు మూసుకునేవాళ్లూ కాదు, ఫ్యాను గురించో, రాత్రి కూరలో ఉప్పు గురించో కీచులాడుకుంటూనే ఉండేవాళ్లు. పని అయ్యాక ఆ మనిషి రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, ఒకటి రెండోదాని అద్దంలో బొమ్మ. తీగకు తీగ, ఆకుకు ఆకు. పెళ్లికూతుళ్లు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఒక మనిషి రెండు చేతులకూ పెడితే ఎంత పనిమంతురాలైనా ఆ జత కుదరదు.

అంతా బాగున్న రోజుల్లోనే బజారులోకి నల్ల గోరింటాకు కోను దిగింది. పెట్టిన గంటకే కారునలుపు. ఈ కాలం జనానికి ఓపికంటూ ఏడిస్తే కదా. అసలు గోరింటాకు గీకేసిన వెంటనే గుమ్మడిపండు రంగులో ఉంటుంది, మర్నాటికి ఇటుకరంగు, ఆపై రోజుకు గానీ ముదురు ఎరుపు తేలదు. అది ఆకు స్వభావం. ఆకు నల్లగా పండదు. నల్లగా పండిందంటే అందులో ఆకు కానిదేదో ఉన్నట్టే. ఇది వివరించి చెప్పేలోపు వచ్చినవాళ్లు పక్క వీధికి వెళ్లిపోయేవాళ్లు. "మనమూ తెద్దామే అక్కా, అందరూ పెడుతున్నారు" అని చెల్లెలు చెవిలో పోరు పెట్టింది. అక్క ససేమిరా అంది. చెల్లెలు ఆగలేదు. చాటుగా ఒక కోను కొనుక్కొచ్చి, ముందు తన మీదే చూసుకుందామని కుడి అరచేతిలో పువ్వు వెయ్యబోయింది. నొక్కిన నొక్కుకు కోను అతుకు విడిపోయి లోపలిదంతా ఎడమ చేతి వేళ్ల మీద కారింది. తుడుచుకుని ఊరుకుంది. తెల్లారేసరికి వేళ్లన్నీ బొబ్బలు.

అక్క ఆ చేతిని పట్టుకుని వేలువేలూ తిప్పి చూసింది. కానీ ఆవిడకు బాధ వచ్చినా భయం వచ్చినా బయటికి వచ్చేది కోపంగానే. గది నిండా మనుషులున్నారు. అందరి ముందూ, "మంచి పని అయింది. ఆ చెయ్యి ఇంక కోను పట్టకుండా పోవాలి" అనేసింది. చెల్లెలు చేతికి గుడ్డ చుట్టుకుని బయటికి నడిచింది. సాయంత్రానికి కోపం తగ్గి అదే వస్తుందిలే అనుకుంది అక్క. ఏళ్లు గడిచిపోయాయి. ఫోన్ నంబరు మారిపోయింది. చుట్టాలను అడిగితే ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఆవిడకు కావలసింది ఒక్క సంగతి, అది మాత్రం ఎవరికీ తెలియలేదు. ఆ చెయ్యి బాగైందా లేదా. పొద్దున్నే ముద్ద మూత తీస్తే అదే ఆలోచన, రాత్రి బల్ల తుడుస్తున్నా అదే ఆలోచన. అప్పటి నుంచే అక్కా అన్న పిలుపు పనికిరాకుండా పోయింది, స్టూలు బల్ల కిందకు వెళ్లింది, ఫ్యాను ఆగింది. రెండు చేతులకూ జత బొమ్మ కావాలని ఎవరైనా అడిగితే, నేను వెయ్యనని ముఖం మీదే చెప్పేసేది.

అలాంటిది, ఒక సాయంత్రం ఒక అమ్మాయి వచ్చింది. బస్టాండు కౌంటర్లో టికెట్లిచ్చే అమ్మాయి. మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది.

"ఒక్క చేతికేనండీ, ఎడమ చేతికి. కుడిది అయిపోయింది. దానికి జతగా పెట్టాలి."

"జత పెట్టనమ్మా. వేరే బొమ్మ అయితే కూర్చో."

"అయ్యో, కుడిది పెట్టినావిడ మీరే పెట్టాలన్నారండీ. దర్జీ పక్క గదిలో ఆవిడైతేనే కుదురుతుందన్నారు. తను పంపినట్టు మాత్రం చెప్పొద్దన్నారు." అనేసి నాలిక కరుచుకుంది. "చెప్పేశానా?"

గోరింటాకావిడ అప్పటికే ఆ కుడి చెయ్యి అందుకుని దీపం కిందకు లాగింది. ఆకుల తోకలన్నీ బొటనవేలు వైపు వాలి సన్నబడ్డాయి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు తలకిందులుగా తపస్సు చేసినా, ఎదుటివాళ్ల కుడి చేతి మీద తోక అంత తేలిగ్గా అటు వాలదు. చిటికెన వేలి కొస మొత్తం, గోరుతో సహా, ముద్ద కప్పి పండించారు. చిన్నప్పుడు అమ్మ వాళ్లిద్దరికీ అలాగే చేసేది.

ఆ గోటి మీద బొటనవేలితో ఒకసారి రాసింది. "ఎప్పుడు?" అంది.

"పొద్దున్నేనండీ. ఆవిడ ఎక్కాల్సిన బస్సు ఆలస్యమైంది. నా కంప్యూటరూ మొరాయించి కూర్చుంది. ఊరికే కూర్చున్నావుగా, చెయ్యి ఇలా ఇయ్యి అన్నారు. కిటికీలోంచే పెట్టేశారు. రెండోది అడిగితే నవ్వారు. నేను కుడి చేతికే పెడతాను, ఎడమ చేతికి వేరే మనిషి ఉంది అన్నారు. ఇక నా పాట్లు చూడండి, కుడి చెయ్యి గాల్లో పెట్టుకుని ఎడమ చేత్తో టికెట్లు కొట్టాను. జనం తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు."

రంగు గుమ్మడిపండులా ఉంది. చూడగానే తెలుస్తూనే ఉంది, గీకేసి కొన్ని గంటలే అయింది. ఈ ఊళ్లోనే, ఈ పొద్దున్నే, నడిచి వెళ్లగలిగినంత దూరంలో అది కూర్చుని ఉంది. తను ఇక్కడ ముద్ద కలుపుకుంటూ ఉంది.

"బస్సు?"

"అప్పుడే వెళ్లిపోయిందండీ."

"ఎక్కడికి తీసుకుంది టికెట్టు?"

"ఆ బస్సు బోలెడు ఊళ్లలో ఆగుతుంది. రోజూ ఎంతమందికి కొడతాను, నిజంగా గుర్తులేదండీ." ఆ అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది. "కానీ మళ్లీ ఇదే దారిన వస్తారు. నీ చేతి మీద ఈ ఎరుపు పోయేలోపు వస్తాను, రెండో చెయ్యి చూస్తాను అన్నారు."

"చూస్తుందట! ఏం, ఇక్కడిదాకా రావడానికి కాళ్లు లేవా? అది చూసిపోవడానికి నేను పెట్టాలా?" అని ఆవిడ కయ్యిమంది. కుర్చీలో ఉన్న అమ్మాయి ఉలిక్కిపడింది. గోడ అవతల మిషను చప్పుడు ఆగింది. ఎంత కోప్పడుతున్నా ఆవిడ ఆ చేతిని మాత్రం వదల్లేదు.

కాసేపటికి తనే తగ్గింది. "దాని చెయ్యి ఎలా ఉంది?"

"ఎవరి చెయ్యండీ?"

"పెట్టిందానిదే."

"చూడలేదండీ. కోను మొననే చూస్తూ ఉండిపోయా."

ఇక అడిగి లాభం లేదు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, ఒక్కొక్క గీతే చదవడం మొదలుపెట్టింది. గీతల్లో వణుకు లేదు. మందం ఎక్కడా మారలేదు. ఆకులు కుదురుగా ఉన్నాయి, చుక్కలు ఆవగింజల్లా సమానంగా ఉన్నాయి. బాగైంది. చెయ్యి బాగైంది. ఆవిడ కళ్ల ముందు బొమ్మ మసకబారింది. ముక్కు గట్టిగా ఎగబీల్చి మళ్లీ చూసింది. అప్పుడు కనిపించింది. పెద్ద తీగ వంపు తిరిగే చోట వెంట్రుకవాసి ఎడం. గీత అక్కడ ఆగి, మళ్లీ మొదలైంది. ఇంకో వంపు దగ్గరా అంతే. తీగ తిరిగిన ప్రతిచోటా అంతే. పొరపాటైతే ఒకచోట ఉంటుంది. ఇది వేలి సంగతి. చూపుడువేలు పూర్తిగా వంగడం లేదు. వంపు దగ్గరకు రాగానే ఆగి, పట్టు మార్చుకుని, మళ్లీ గీస్తోంది.

గీత తెగకూడదన్నది ఆవిడ మొదటి నియమం. చెల్లెలు నేర్చుకునే రోజుల్లో గీత ఎక్కడ తెగినా కోను వెనక భాగంతో మెటికల మీద ఒక్కటి ఇచ్చేది. "మధ్యలో ఊపిరి పీల్చుకున్నావా? పీల్చకు" అనేది.

"ఎడమ చెయ్యి చాపు" అంది.

మణికట్టు దగ్గర మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి జత వెయ్యని చెయ్యి, అయినా దారి మర్చిపోలేదు. మొదటి తీగ అలవాటు కొద్దీ వంపు తిరిగి, ఏకధారగా, ఎక్కడా తెగకుండా వచ్చేసింది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎంతో అందంగా ఉంది, కానీ జత కాదు. దూది తడిపి ఆ తీగ తుడిచేసింది. మళ్లీ గీసింది. వంపు దగ్గరకు వచ్చి ఆగింది. కోను ఎత్తి, వెంట్రుకవాసి ఎడం వదిలి, మళ్లీ మొదలుపెట్టింది.

"ఆంటీ, ఇక్కడ గీత తెగింది" అంది ఆ అమ్మాయి.

"తెగనీ."

"ఇక్కడ కూడా."

"అక్కడ కూడా తెగాలి. నువ్వు కదలకు."

చిటికెన వేలి కొసకు ముద్ద కప్పి ముగించేసరికి వీధి దీపాలు వెలిగాయి. నిమ్మరసంలో పంచదార కలిపి దూదితో పైన అద్దింది, ముద్ద రాలిపోకుండా పట్టి ఉంచడానికి. ఆ పైన జాగ్రత్తలు. "రాత్రంతా ఉంచు. పొద్దున చెంచాతో గీకెయ్యి, నీళ్లు మాత్రం రేపటి దాకా తగలనివ్వకు. చెయ్యి వెచ్చగా పెట్టుకో. అంట్లు ఎవరు తోముతారు మీ ఇంట్లో?"

"మా ఆయనేనండీ."

"అదృష్టవంతురాలివి. కొన్నాళ్లు బట్టలు కూడా ఆయన్నే ఉతకమను."

మర్నాడు పొద్దున్నే ఆవిడ కొట్టుకు తాళం వేసి బస్టాండుకు వెళ్లింది. ఏం అనుకుని వెళ్లిందో ఆవిడకే తెలియాలి. వెయిటింగ్ హాల్లో స్తంభం పక్కన కూర్చుని, దిగే ప్రతి మనిషి మొహమూ వెతికింది. మధ్యాహ్నానికి నడుం పట్టేసింది. కౌంటర్ కిటికీలోంచి రెండు పండిన చేతులు టికెట్లు అందిస్తూ కనిపిస్తున్నాయి. వాటిని చూస్తూ ఉంటే ఒక్కసారిగా సిగ్గేసింది. తను ఇలా కాపు కాసి పట్టుకుంటే అది దొరికినట్టవుతుంది తప్ప వచ్చినట్టవదు. దాన్ని పొమ్మన్న నోరు తనది. ఆ చెయ్యి చూసి రావాలో వద్దో అదే తేల్చుకోవాలి. లేచి ఇంటికి వచ్చేసింది. మళ్లీ ఆ వైపు వెళ్లలేదు.

వెళ్లకపోయినా ప్రాణమంతా అక్కడే. టికెట్ల అమ్మాయి సాయంత్రం ఇంటికి వెళ్తూ కొట్టు ముందు ఆగి చేతులు చూపించేది. ఆవిడ కొబ్బరినూనె రాసేది. రంగు ముదిరింది, ఎంత బాగా పండిందంటే దర్జీ కూడా కత్తెర పట్టుకునే వచ్చి చూసి, "పాత రోజులు గుర్తొస్తున్నాయమ్మా" అన్నాడు. ఆవిడ ఆయన్ని కసిరి పంపేసింది.

కానీ చర్మం మీద రంగు చర్మంతోనే పోతుంది. పైపొర రాలిన కొద్దీ అదీ రాలుతుంది. అందులోనూ నోట్లు లెక్కపెట్టే చేతులాయె. ముందు వేలి కొసలు వెలిసిపోయాయి, తర్వాత అరచేతిలో తీగలు అక్కడక్కడా చెరిగాయి. రోజూ ఆ చేతులను చూడడం ఆవిడకు నరకంగా ఉండేది, చూడకపోతే అంతకంటే నరకం.

"ఎవరూ రాలేదాంటీ" అనేది ఆ అమ్మాయి, అడగకముందే. ఒకరోజు, "పోనీ ఎడమ చెయ్యి మళ్లీ పెట్టెయ్యండి, వచ్చేసరికి ఎర్రగా ఉంటుంది" అంది.

ఆవిడ చెయ్యి కోను దాకా వెళ్లింది. ఆగిపోయింది. "వద్దమ్మా. ఆ చేతికి ఇది జత. అది వెలిసిపోతుంటే ఇది కొత్తగా మెరిస్తే జత ఎలా అవుతుంది? అది పోతే ఇదీ పోవాలి."

అన్నట్టే జరిగింది. ఒక సాయంత్రం ఆ అమ్మాయి రెండు చేతులూ దీపం కింద పెట్టి నిలబడింది. ఏమీ లేదు. మామూలు అరచేతులు. ఎరుపు పోయేలోపు వస్తానన్న మనిషి రాలేదు. ఆవిడకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల ముందు ఏడవడం ఇష్టం లేక, పని ఉన్నట్టు వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూడసాగింది. చిటికెన వేలి దగ్గరకు వచ్చి ఆగింది.

చర్మం మీద పోయింది. గోరు మీద పోలేదు. ముదురు ఎరుపు, చెక్కుచెదరలేదు. గోటి మీద రంగు రాలదు, గోరు పెరిగి కత్తిరిస్తే తప్ప పోదు. ఈ సంగతి ఆవిడకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. చెల్లెలికీ తెలుసు. తెలిసే ఆ వేలి కొస గోరుతో సహా కప్పింది.

"ఇదిగో, ఉంది! ఇంకా ఉంది! ఎరుపు పోయేలోపు అంది కదా, పోలేదు." ఆవిడ గొంతు పిల్లదాని గొంతులా అయిపోయింది. "వినమ్మా, ఈ రెండు గోళ్లూ తియ్యకు. నీ కాళ్లు పట్టుకుంటా."

"అంత మాటెందుకాంటీ. తియ్యనులెండి."

పాపం, ఆ అమ్మాయి మాట మీద నిలబడింది. మిగతా గోళ్లన్నీ పొట్టిగా, చిటికెన గోళ్లు రెండూ బారుగా. కౌంటర్లో జనం వింతగా చూశారు, పై అధికారి పిలిచి ఇదేం ఫ్యాషనని మందలించాడు. ఎండలు ముదిరాయి. ఎరుపు గోటి మొదలును వదిలి పైకి పైకి జరిగింది. చివరికి గోటి అంచున చంద్రవంకంత మిగిలింది. గోరింటాకావిడ ఇప్పుడు ఆశగా ఏమీ అడగడం లేదు. ముద్ద కలుపుతోంది, వచ్చినవాళ్లకు పెడుతోంది, ఉక్కకు తడిసి ముద్దవుతోంది. బాగైంది కదా, అది చాలు అని మనసుకు నచ్చజెప్పుకుంటోంది. మనసు వింటే కదా. చేతిని చూడగలిగినందుకు మనిషిని చూడాలన్న కోరిక ఇంకా పెరిగింది తప్ప తగ్గలేదు.

ఆ రోజు మధ్యాహ్నం కొట్టులో ఎవరూ లేరు. ఎండకు వీధి ఖాళీగా ఉంది. ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుంటూ కోన్లు చుడుతోంది. టికెట్ల అమ్మాయి వచ్చింది. డ్యూటీ మధ్యలో ఎప్పుడూ రాని పిల్ల.

"ఏమ్మా, గోరు విరిగిందా?" అంది ఆవిడ, తలెత్తకుండానే. కొన్నాళ్లుగా ఆవిడ భయపడుతున్నది దానికే.

ఆ అమ్మాయి వచ్చి కుర్చీలో కూర్చుని రెండు చేతులూ చాపింది. ఎడమ చెయ్యి ఖాళీ. కుడి చేతి మణికట్టు మీద ఒక్క తీగ ఉంది. ఒకే ఒక్క తీగ. మొదలై, వంపు తిరిగి, వంపు దగ్గర వెంట్రుకవాసి ఆగి, మళ్లీ సాగి, అరచెయ్యి మొదట్లో ఆగిపోయింది. దాని పైన అంతా ఖాళీ.

రంగు కాదు, ముద్ద. అది తడిగా ఉంది.

ఆవిడ వేలు దగ్గరగా పెట్టింది, తాకలేదు. పచ్చిగా, నూనె మెరుపుతో, ఇప్పుడే కోను మొన విడిచినట్టు ఉంది. బయట మండుతున్న ఎండ. ఈ ఎండలో బస్టాండు నుంచి ఇక్కడికి నడిచి వచ్చేలోపు ఇంత సన్నటి తీగ ఎప్పుడో ఎండి నల్లబడి పెచ్చు కట్టి ఉండాలి. ఇది బస్టాండులో పెట్టింది కాదు. వీధిలో ఎండకు నిలబడి పెట్టింది కూడా కాదు, గోడకు అవతలే పెట్టి ఉండాలి. గోడ అవతల మిషను చప్పుడు లేదు. దర్జీ దగ్గు కూడా లేదు.

ఆవిడ గుమ్మం వైపు చూడలేదు. చూస్తే ఏమవుతుందోనని భయమేసింది. వంగి, బల్ల కిందకు చెయ్యి పెట్టి, రెండో స్టూలు బయటికి లాగింది. దాని మీద ఏళ్ల దుమ్ము. కొంగుతో తుడిచి, కుర్చీకి కుడివైపున పెట్టింది. తను వెళ్లి ఎడమవైపు తన చోట కూర్చుని ఆ అమ్మాయి ఎడమ చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. కోను అందుకుంది. మణికట్టు మీద తీగ మొదలుపెట్టింది. గీత వణికింది, తుడవలేదు. వంపు దగ్గరకు వచ్చి ఆగింది. ఎడం వదిలి, మళ్లీ సాగించి, అరచెయ్యి మొదట్లో ఆపింది.

అడుగుల చప్పుడు లోపలికి వచ్చింది. స్టూలు దగ్గర ఆగింది. ఒక మనిషి నీడ బల్ల మీద పడింది. ఆ నీడ తలెత్తి పైకి, కదలకుండా ఉన్న ఫ్యాను రెక్కల వైపు చూసింది.

"ఫ్యాను వేసుకోలేదేంటక్కా? నీకు ఉక్క పడదుగా."

గోరింటాకావిడ ఇంకో కోను అందుకుని అటువైపు చాపింది.

"కూర్చోవే" అంది. "ముద్ద ఎండిపోతుంది."